రాయిని తూచి చెప్పిన విద్వాంసుడు: అల్లామా అబూ రైహాన్ అల్‌బీరూనీ (రహ్మలై)

కొండలను, నదులను, మట్టిలో దాగిన ప్రతి రాయినీ సృష్టించిన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై శాంతి, శుభాలు కురియుగాక!

పల్నాడులో కృష్ణానది ఒడ్డున కొల్లూరు అనే ఊరు ఉండేది. ఒకప్పుడు అది గుంటూరు జిల్లాలో భాగం. 2022లో పల్నాడు వేరే జిల్లా అయింది. ఆ ప్రాంతం ఇప్పుడు పులిచింతల జలాశయం ముంపులో ఉంది. కోహినూర్ వజ్రం అక్కడే దొరికిందని ప్రతీతి. 17వ శతాబ్దంలో కొల్లూరు గనులను చూడటానికి వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తవెర్నియే ఆ గని ఎలా బయటపడిందో రాసిపెట్టాడు. తన రాకకు సుమారు వందేళ్ళ క్రితం ఒక పేదవాడు చిరుధాన్యం విత్తుకుందామని నేల తవ్వుతుంటే, కొనదేరిన ఒక రాయి కనబడింది. అదేమిటో అతనికి తెలియదు. వింతగా ఉందని గోల్కొండ తీసుకువెళ్ళాడు. అదృష్టవశాత్తు వజ్రాల వ్యాపారం తెలిసినవాని వద్దకే చేరాడు. ఆ రాయి బరువు దాదాపు 25 క్యారెట్లు. తవెర్నియే వచ్చేనాటికి ఆ గనుల్లో ఆడా మగా పిల్లా అంతా కలిసి 60 వేల మంది దాకా పనిచేస్తున్నారని అతని అంచనా.

సోదరులారా! ఇందులో ఆలోచించదగిన విషయం ఒకటుంది. రాయి దొరకడం ఒక వంతు, దాన్ని గుర్తించడం మరో వంతు. మొదటిది ఎవరికైనా జరగవచ్చు. రెండవదానికి జ్ఞానం కావాలి, అమానత్ (నిజాయితీ) కూడా కావాలి. ఆ పేదవాడు మోసగాడి చేతిలో పడి ఉంటే ఏమయ్యేది?

ఈ ప్రశ్న నాకు ఊరికే కలగలేదు. 2021-22లో నల్ల తామర పురుగు మన ప్రాంతపు మిరప తోటలను ఊడ్చిపెట్టింది. ఆ తర్వాత ఒకనాడు కౌలుకు మిరప వేసే సోదరుడొకరు జుమా నమాజు ముగిశాక నా దగ్గరకు వచ్చారు. రుమాలు విప్పి నిమ్మకాయంత రాయి చూపించారు. వాగులో దొరికిందట. నున్నగా, లోపలికి వెలుగు పోయేటట్లు ఉంది. ఒక దళారి దాన్ని వజ్రమని చెప్పాడట. అమ్మిపెడతాను, పరీక్ష ఖర్చులకు ముందుగా ఇరవై వేలు ఇవ్వమన్నాడట. అప్పటికే ఆ సోదరుని నెత్తిన అప్పు కుప్పగా ఉంది. ఇంట్లో మిగిలిన బంగారం కుదువ పెట్టి ఆ ఇరవై వేలు తేవాలని ఆలోచిస్తున్నారు. మౌలానా సాబ్, ఇస్తిఖారా చేసి ఇది వజ్రమో కాదో చెప్పండి అన్నది ఆయన కోరిక.

రాయి జాతి కనుక్కోవడానికి ఇస్తిఖారా కాదని, ఆ రాయి ఏమిటో నాకు తెలియదని చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది. అయితే తెలియని రాయిని తెలుసుకునే మార్గం వెయ్యేళ్ళ క్రితమే ఒక ముస్లిం విద్వాంసుడు చూపించారని చెప్పి, ఆ సాయంత్రమే రమ్మన్నాను. ఆ విద్వాంసుడే అల్లామా అబూ రైహాన్ అల్‌బీరూనీ (రహ్మలై).

బాల్యం, విద్యాభ్యాసం

ఆయన అసలు పేరు ముహమ్మద్, తండ్రి పేరు అహ్మద్. హిజ్రీ 362, జుల్‌హిజ్జా నెల (క్రీ.శ. 973 సెప్టెంబరు)లో ఖ్వారజ్మ్ రాజ్యంలో జన్మించారు. ఆ ప్రాంతం నేటి ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. రాజధాని కాత్ నగరానికి వెలుపలి పేటలో పుట్టడం వల్ల బీరూనీ, అంటే బయటివాడు, అనే పేరు స్థిరపడింది. సంపద గాని, వంశ ప్రతిష్ఠ గాని ఆయన్ని పైకి తీసుకురాలేదు. రాజకుటుంబానికి చెందిన గణిత పండితుడు అబూ నస్ర్ మన్సూర్ ఆయన్ని చేరదీసి చదువు చెప్పారు. పదిహేడేళ్ళ వయసులోనే బీరూనీ సూర్యుని ఎత్తును కొలిచి తమ నగరం ఏ అక్షాంశం మీద ఉందో లెక్కగట్టారు.

క్రీ.శ. 995లో ఖ్వారజ్మ్‌లో రాజ్యం చేతులు మారింది. ఆదరించిన రాజవంశం కూలిపోయింది. ఇరవై రెండేళ్ళ యువకుడు ఊరు విడిచి రయ్యి నగరానికి, ఆ తర్వాత గుర్గాన్‌కు తిరగవలసి వచ్చింది. ఈ కష్టాల్లోనూ చదువు ఆగలేదు. 997లో చంద్రగ్రహణం పట్టినప్పుడు ఆయన కాత్‌లోను, ప్రఖ్యాత గణితవేత్త అబుల్ వఫా బగ్దాదులోను ఒకే గ్రహణాన్ని పరిశీలించారు. ఇద్దరి సమయాల తేడాను బట్టి రెండు నగరాల మధ్య రేఖాంశ భేదాన్ని రాబట్టారు. గడియారాలు, టెలిఫోన్లు లేని కాలంలో ఇది ఎంతటి ఆలోచనో పాఠకులే గ్రహించగలరు.

గజ్నీ, హిందూ దేశం

1017లో సుల్తాన్ మహ్మూద్ గజ్నవీ ఖ్వారజ్మ్‌ను జయించాడు. అక్కడి పండితులను గజ్నీకి తరలించారు. వారిలో బీరూనీ ఒకరు. స్వదేశం పోయింది, స్వేచ్ఛ తగ్గింది. మరొకరైతే కుంగిపోయేవారు. ఆయన మాత్రం ఆ బలవంతపు ప్రయాణాన్నే విద్యగా మార్చుకున్నారు. సంస్కృతం నేర్చుకుని, ఇక్కడి పండితులతో కూర్చుని, వారి గ్రంథాలు చదివారు. పతంజలి గ్రంథాన్ని అరబ్బీలోకి అనువదించారు. సుమారు 1030లో కితాబుల్ హింద్ పూర్తి చేశారు. అందులో ఈ దేశ ప్రజల విశ్వాసాలను పుకార్లను బట్టి కాక, వారి పుస్తకాల నుంచే తీసుకుని రాశారు. తమ విశ్వాసం వదలకుండానే ఇతరుల మాటను ఉన్నదున్నట్లు చెప్పడం న్యాయమని ఆయన ఆచరించి చూపారు. నేటి పంజాబులో (పాకిస్తాన్) నందనా కోట వద్ద కొండ ఎక్కి, దిగంతం ఎంత కిందికి వంగి కనబడుతుందో కొలిచి, భూగోళ పరిమాణాన్ని లెక్కించారు. ఆ లెక్క నేటి లెక్కకు దగ్గరగా ఉండటం పండితులను నేటికీ ఆశ్చర్యపరుస్తుంది.

అదే గ్రంథంలో నదుల రాళ్ళ గురించి ఆయన చెప్పిన విషయం మన కృష్ణ ఒడ్డువారికి వెంటనే అర్థమవుతుంది. కొండల దగ్గర, నీరు ఉరకలు వేసే చోట రాళ్ళు పెద్దవిగా, గుండ్రంగా ఉంటాయి. దూరం పోయేకొద్దీ చిన్నవవుతాయి. ప్రవాహం నెమ్మదించి సముద్రాన్ని చేరే చోట ఇసుక, ఒండ్రు మిగులుతాయి. దీన్ని బట్టి ఉత్తర హిందూ మైదానం ఒకప్పుడు సముద్రమని, నదులు తెచ్చిన మట్టితో అది పూడిందని ఆయన ఊహించారు. వాగులో దొరికే నున్నని రాయిని ఎవరూ సానబెట్టలేదు. ఒక రాయి మరో రాయిని ఒరుసుకుంటూ దొర్లిదొర్లి అలా అయింది. నేడు రాళ్ళకు మెరుగు పెట్టేవారు చేసేదీ అదే. పీపాలో రాళ్ళు, నీళ్ళు, గరుకు పొడి వేసి వారాల తరబడి తిప్పుతారు. ముందు ముతక పొడి, చివరికి మెత్తని పొడి. మెరుగు వస్తుంది, కాని రాయి జాతి మారదు. గాజుపెంకును ఎంత దొర్లించినా గాజే.

నీటితో రాయి తూకం

మరి జాతి ఎలా తెలుస్తుంది? రంగు మోసం చేస్తుంది. మెరుపు మోసం చేస్తుంది. పరిమాణం వేరువేరుగా ఉన్నప్పుడు బరువొక్కటే చూసినా ప్రయోజనం లేదు. బీరూనీ (రహ్మలై) రెంటినీ కలిపి చూశారు. శంఖువు ఆకారంలో, సన్నని మెడతో ఒక పాత్ర చేయించారు. పక్కనుంచి కిందికి వంగిన గొట్టం ఉంటుంది. పాత్ర నిండా నీరు పోసి, గొట్టం నుంచి కారడం ఆగాక, తూచిన రాయిని లోపల వేసేవారు. రాయి ఆక్రమించిన చోటికి సరిపడా నీరు గొట్టం గుండా బయటికి వస్తుంది. ఆ నీటిని తూచేవారు. గొట్టంలో చుక్కలు అంటుకుని లెక్క తప్పుతోందని గమనించి, ఆ గొట్టాన్ని పదేపదే సరిదిద్దారు. ఒక్కసారి చూసి తృప్తి పడేవారు కాదు.

లోహాలకు బంగారాన్ని, రత్నాలకు నీలాన్ని కొలబద్దగా పెట్టుకుని పోలిక పట్టికలు తయారు చేశారు. సుమారు వందేళ్ళ తర్వాత అల్‌ఖాజినీ అనే విద్వాంసుడు 1121లో రాసిన మీజానుల్ హిక్మాలో ఈ లెక్కలను భద్రపరచారు. వాటిలో చాలా భాగం నేటి ప్రయోగశాలల లెక్కలకు అతి దగ్గరగా ఉన్నాయి.

ఈ పరీక్షను నేడు ఎవరైనా సులభంగా చేయవచ్చు. రాయిని ముందు గాలిలో తూచాలి. తర్వాత దారంతో కట్టి, పాత్ర అడుగుకు, అంచుకు తగలకుండా నీటిలో వేలాడదీసి తూచాలి. నీటిలో ఎంత బరువు తగ్గిందో చూడాలి. మొదటి బరువును ఆ తగ్గుదలతో భాగిస్తే వచ్చే అంకె ఆ రాయి సాంద్రత. పలుగురాయి (స్ఫటికం) 2.65, మామూలు గాజు 2.5 దగ్గర, వజ్రం 3.5, కెంపు, నీలం 4, బంగారం 19.3. రాయి చిన్నదైనా పెద్దదైనా, గరుకుదైనా నున్ననిదైనా ఈ అంకె మారదు.

కొందరు గాజును గీసి చూసి వజ్రమని నిర్ధారిస్తారు. ఇది పొరపాటు. పలుగురాయి కూడా గాజును గీస్తుంది. మరికొందరు సుత్తితో కొట్టి పగలకపోతే వజ్రం అంటారు. ఇది ఇంకా పెద్ద పొరపాటు. గీతకు లొంగని వజ్రం దెబ్బకు చీలిపోతుంది.

కెంపు, లాల్, పచ్చ

వృద్ధాప్యంలో, సుల్తాన్ మౌదూద్ పాలనలో (1041-1048) బీరూనీ (రహ్మలై) రత్నాలు, లోహాల గురించి కితాబుల్ జమాహిర్ రాశారు. ఈ గ్రంథానికీ మన హైదరాబాదుకూ సంబంధం ఉంది. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్, జర్మన్ పండితుడు క్రెంకో సంపాదకత్వంలో దీన్ని హిజ్రీ 1355 (1936-37)లో అచ్చు వేసింది. అదే సంస్థ తర్వాత ఆయన ఖగోళ గ్రంథం అల్‌ఖానూనుల్ మస్ఊదీని కూడా ప్రచురించింది.

బదఖ్షాన్ కొండల నుంచి లాల్ అనే ఎర్రని రాయి వచ్చేది. కంటికి అది కెంపులాగే ఉంటుంది. బీరూనీ దాన్ని కెంపు నుంచి వేరు చేశారు. ఆ రెంటి తూకం వేరు, గట్టిదనం వేరు. లాల్‌ను నేడు స్పినెల్ అంటారు. సాంద్రత 3.6 దగ్గర ఉంటుంది. ఈ భేదం తెలియక ఆ తర్వాత కూడా ఎందరో పొరబడ్డారు. బ్రిటిష్ రాజకిరీటంలో శతాబ్దాలుగా కెంపుగా పేరు పొందిన పెద్ద ఎర్రరాయి నిజానికి లాల్ అని తర్వాత తేలింది.

పచ్చను చూస్తే పాముకు కళ్ళు పోతాయని ఆ రోజుల్లో పుస్తకాల నిండా ఉండేది. పెద్దలంతా రాశారు కదా అని బీరూనీ ఊరుకోలేదు. పాముకు పచ్చల హారం చుట్టారు, దాని కింద పచ్చలు పరిచారు, ఎదుట ఊపారు. ఎండలోను, చలిలోను తొమ్మిది నెలలు ఇలా పరీక్షించారు. పాము కళ్ళకు ఏమీ కాలేదు. ఆ విషయాన్నే ఉన్నదున్నట్లు రాశారు.

రాళ్ళకు శక్తి ఉందా?

ఒక తుర్కు మనిషి వాన కురిపించే రాయి అంటూ ఒకటి తెచ్చాడు. వానలు లేని కాలంలో, తాను కోరిన వేళ కురిపిస్తే తీసుకుని అడిగినంత ఇస్తానని బీరూనీ షరతు పెట్టారు. వాన కాలంలో రాయి ఊపి వాన వచ్చిందనడం రుజువు కాదని ఆయన ఉద్దేశం.

సోదర సోదరీమణులారా! ఈ జబ్బు నేటికీ మనలో ఉంది. ఈ రాయి ఉంగరంలో పెడితే రోగం పోతుంది, ఆ రాయి పెడితే వ్యాపారం పెరుగుతుంది అని నమ్మించి, పంట డబ్బు కాజేసేవారు ఉన్నారు. రాయి పొదిగిన వెండి ఉంగరం ధరించడం పురుషునికి కూడా ధర్మసమ్మతమే. దైవప్రవక్త (సఅసం) వెండి ఉంగరం ధరించినట్లు హదీసుల్లో ఉంది. కాని లాభనష్టాలు ఆ రాయి చేతిలో ఉన్నాయని నమ్మడం వేరు. అది తౌహీద్‌కు విరుద్ధం. హజ్రత్ ఉమర్ (రజి) హజరె అస్వద్‌ను ముద్దాడుతూ, అది మేలు కీడు చేయలేని రాయేనని, దైవప్రవక్త (సఅసం) ముద్దాడగా చూశాను గనుకే తాను ముద్దాడుతున్నానని చెప్పిన సంగతి అందరికీ తెలిసిందే. కాబా గోడలోని రాయికే ఆ మాట వర్తిస్తే, అంగడి రాయి మాట చెప్పాలా?

సూరె ఫాతిర్‌లో అల్లాహ్ కొండల్లోని తెల్లని, ఎర్రని, కారునల్లని చారలను ప్రస్తావించాడు. ఆ వెంటనే, తన దాసులలో జ్ఞానం గలవారే తనకు భయపడతారని తెలియజేశాడు. రాళ్ళ రంగులకూ దైవభీతికీ మధ్య సంబంధం ఏమిటని అడిగేవారికి బీరూనీ (రహ్మలై) జీవితమే సమాధానం. సృష్టిని సరిగ్గా చూసినవాడు సృష్టికర్త ముందు అబద్ధమాడటానికి జంకుతాడు.

మన నేల రాళ్ళు

ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్లరాయి ప్రపంచమంతటా బ్లాక్ గెలాక్సీ పేరుతో అమ్ముడవుతోంది. నల్లని రాయిలో బంగారు చుక్కలు మెరుస్తాయి. అది బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. అయినా ఆ రాయికి విలువ లేకపోలేదు. ఉన్న పేరుతోనే దానికి గిరాకీ ఉంది. పల్నాడులోని అగ్నిగుండాల ప్రాంతంలో రాగి, సీసపు ఖనిజాలు ఉన్నాయి. రాగి ఖనిజం పసుపుగా మెరిసి బంగారమని భ్రమ కలిగిస్తుంది. మెరుగు లేని పింగాణీ పెంకు మీద గీస్తే బంగారం పసుపు గీత వేస్తుంది, ఈ ఖనిజం నల్లని గీత వేస్తుంది. పైకి ఒకటి, గీస్తే ఒకటి. మనుషుల్లో కూడా ఇలాంటివారుంటారు. కష్టం అనే పెంకు మీద గీసినప్పుడే ఈమాన్ రంగు తెలుస్తుంది.

ఆ సాయంత్రం ఆ సోదరుడు, నేను ఒక కంసాలి దుకాణానికి వెళ్ళాం. ముందు మామూలుగా తూచాం, 53 గ్రాములు. దారం కట్టి నీటిలో వేలాడదీశాం, 33 గ్రాములు. తగ్గింది 20. లెక్క 2.65 వచ్చింది. అది పలుగురాయి. ఆయన కాసేపు మాట్లాడలేదు. అప్పు తీరే దారి ఒకటి మూసుకుపోయింది, నాకూ బాధ కలిగింది. కొంతసేపటికి ఆయనే తేరుకుని, ఇంట్లో బంగారం మిగిలింది, అల్‌హమ్దులిల్లాహ్ అన్నారు. దళారికి ఫోన్ చేసి రానవసరం లేదని చెప్పేశారు.

వెళుతూ ఆయన ఒక ప్రశ్న వేశారు. ఇది పలుగురాయని తెలియని ఎవరికైనా అమ్మితే తప్పా? మదీనా అంగడిలో దైవప్రవక్త (సఅసం) ధాన్యపు కుప్పలో చేయి పెట్టి చూసిన సంఘటన గుర్తు చేశాను. లోపల తడి తగిలింది. వానకు తడిసిందని అమ్మేవాడు చెప్పాడు. అయితే జనం చూసేటట్లు తడి గింజలను పైన ఎందుకు పెట్టలేదని ఆయన (సఅసం) ప్రశ్నించి, మోసం చేసేవాడు తనవాడు కాదని హెచ్చరించారు. ఇది విన్న ఆ సోదరుడు, మిర్చి టిక్కీలో నీళ్ళు చల్లి తూకం పెంచేవాళ్ళకు కూడా ఇదే కదా అన్నారు. అవును, ఇదే. రాయి అయినా, మిర్చి అయినా, పత్తి బోరెం అయినా తూకం అల్లాహ్ పెట్టిన అమానత్.

చివరి ఘడియ వరకు

సుల్తాన్ మస్ఊద్‌కు అంకితమిచ్చిన ఖగోళ గ్రంథానికి బహుమానంగా ఏనుగు మోసేటంత వెండి పంపితే, బీరూనీ (రహ్మలై) దాన్ని తిప్పి పంపారని చరిత్రకారులు రాశారు. రత్నాల ధరలన్నీ తెలిసిన మనిషి రత్నాలకు దాసుడు కాలేదు. జీవితంలో నూటికి పైగా గ్రంథాలు రచించారు. వాటిలో కొన్ని మాత్రమే మనదాకా వచ్చాయి.

హిజ్రీ 440 (క్రీ.శ. 1048) ప్రాంతంలో గజ్నీలో ఆయన మంచాన పడ్డారు. ఊపిరి బరువైన వేళ పరామర్శకు ఒక ఫఖీహ్ వచ్చారు. బీరూనీ ఆయన్ని వారసత్వపు హక్కులో తల్లి తరపు అమ్మమ్మ వాటాకు సంబంధించిన ఒక మస్‌అలా అడిగారు. ఈ స్థితిలో ఇదెందుకని ఆ ఫఖీహ్ జాలిపడ్డారు. తెలియకుండా లోకం విడవడం కన్నా తెలుసుకుని విడవడమే మేలు కదా అన్నట్లు బీరూనీ బదులిచ్చారు. ఫఖీహ్ వివరించారు, ఆయన శ్రద్ధగా విని అప్పజెప్పారు. ఫఖీహ్ ఇంటి నుంచి బయటికి వచ్చి దారిలో ఉండగానే లోపలి నుంచి ఏడుపులు వినిపించాయి. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ప్రియ పాఠకులారా! పొలంలోనో, వాగులోనో మీకు వింత రాయి దొరికితే ఆశపడటం తప్పు కాదు. ఆ కొల్లూరు పేదవానికి అల్లాహ్ ఇచ్చినట్లు మీకూ ఇవ్వగలడు. కాని తూచకముందే పేరు పెట్టకండి, పరీక్షించకముందే డబ్బు కట్టకండి, తెలియని దాన్ని తెలిసినట్లు ఎవరికీ చెప్పకండి. రాయి విషయంలోనే ఇంత జాగ్రత్త అవసరమైతే, సాటి మనిషి గురించి విన్న మాటను ముందుకు పంపే ముందు ఇంకెంత జాగ్రత్త కావాలి? వార్త వచ్చినప్పుడు నిజానిజాలు విచారించుకోమని సూరె హుజురాత్‌లో అల్లాహ్ ఆదేశించింది అందుకే.

రేపు ప్రళయదినాన మన కర్మలు కూడా తూకం వేయబడతాయి. అక్కడ పైమెరుగు పనిచేయదు. ఆ త్రాసులో బరువు తూగే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.